రిపోర్టులో మాట చివర "ఈమియా" ఉంటే బ్లడ్ క్యాన్సరేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాన్నగారికి 62 ఏళ్లు. వారం రోజులు జ్వరం వచ్చి తగ్గాక సీబీపీ (రక్త కణాల లెక్క), సోడియం, పొటాషియం చేయించారు. రిపోర్టు కింద లూకోసైటోసిస్, థ్రాంబోసైటోపీనియా, అనైసోసైటోసిస్, హైపోనాట్రీమియా అని నాలుగు మాటలు రాశారు. డాక్టర్ గారు సోమవారం దాకా ఊళ్లో లేరు. ఈలోగా ఫోన్‌లో "ఈమియా" అని వెతికితే లుకేమియా కనిపించింది, దాంతో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఈ తోకలకు అర్థమేమిటి, తోక చూసి జబ్బు ఎంత పెద్దదో చెప్పొచ్చా అని అడిగారు.

కాదండీ. "ఈమియా" అంటే క్యాన్సర్ కాదు. "రక్తంలో" అని అర్థం, అంతే. హైపోనాట్రీమియా అంటే రక్తంలో సోడియం తక్కువగా ఉందని. ఆ మాటలో అంతకుమించి ఏమీ దాగిలేదు. మిగతా మూడు మాటలూ అలాంటివే, కనిపించినదాన్ని గ్రీకులో చెప్పినవి. తోక చూస్తే పెరిగిందా తగ్గిందా అన్నది చాలాసార్లు తెలుస్తుంది. ఎంత అన్నది పక్కనున్న అంకె చెప్పాలి. ఎందుకు అన్నది మనిషిని చూసిన డాక్టరే చెప్పాలి.

నేను పాథాలజిస్టుని. 23 ఏళ్లుగా రాజమండ్రిలో మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్నాను, వారానికి రెండు రోజులు డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలకు క్లాసులు చెబుతాను. వీటిని ప్రత్యయాలు అనాలి గానీ నాకు తోకలు అనడమే అలవాటు. ఏటా ఈ పాఠం చెబుతాను, ఏటా ఏదో ఒక మాట దగ్గర పిల్లలు నన్ను ఇరికిస్తారు. ఆ ఇరుకు సందులన్నీ ఇక్కడ రాస్తున్నాను కాబట్టి కాస్త పొడుగవుతుంది.

గ్రీకులో నెత్తురును "హైమ" అంటారు. మాట మొదట్లో వస్తే హీమో, హిమటో అవుతుంది: హీమోగ్లోబిన్, హిమటాలజీ. చివర చేరితే "ఈమియా". తెలుగులో ఒకరు లుకేమియా అని, ఇంకొకరు ల్యుకీమియా అని రాస్తారు. రెండూ ఒకటే, కంగారు పడకండి. మన హేమానికీ దీనికీ చుట్టరికం లేదు. ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, హేమం బంగారం, ఇది నెత్తురు.

దీని ముందు ఏ పదార్థం పేరు తగిలిస్తే ఆ పదార్థం రక్తంలో ఎలా ఉందో చెప్పే మాట తయారవుతుంది. బాక్టీరియా రక్తంలోకి చేరితే బాక్టిరీమియా. వైరస్ చేరితే వైరీమియా. కిడ్నీలు పనిచేయక, మూత్రంతో పోవాల్సిన వ్యర్థాలు రక్తంలో నిలిచిపోతే యురేమియా. ఎక్కువ తక్కువలు చెప్పాలంటే ముందు ఇంకో ముక్క కావాలి: హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. షుగర్ ఉన్న ఇళ్లలో హైపోగ్లైసీమియా తెలియనివాళ్లు ఉండరు, "లో షుగర్" అంటారు. మీ నాన్నగారి హైపోనాట్రీమియా అదే అచ్చులో పోసిన మాట. నాట్రియం అంటే సోడియం. పొటాషియానికి లాటిన్ పేరు కాలియం, అది అరబ్బీ నుంచి వచ్చింది. కాబట్టి హైపర్‌కలీమియాకు తలా తోకా గ్రీకువి, నడుము మాత్రం అరబ్బీది.

హైపర్, హైపోల దగ్గర తికమకపడే పిల్లలకు నేను చెప్పే కిటుకు ఒకటుంది. గ్రీకు "హైపర్", సంస్కృతం "ఉపరి" ఒకే మూలం నుంచి పుట్టిన అన్నదమ్ములు. "హైపో", "ఉప" కూడా అంతే. ఉపరితలం పైన ఉంటుంది, ఉపసర్పంచ్ సర్పంచ్ కింద ఉంటాడు. ఇక మర్చిపోరు.

కిటుకు తెలిసినా నోటితో చెప్పేటప్పుడు ఈ రెండు మాటలూ ప్రమాదమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి వార్డుకు ఫోన్ చేసి "హైపోకలీమియా" అన్నాను. అవతల సిస్టర్ "హైపర్" అని రాసుకున్నారు. ఒకదానికి పొటాషియం ఎక్కించాలి, ఇంకోదానికి దించాలి. డ్యూటీ డాక్టర్ "అంకె ఎంత?" అని మళ్లీ ఫోన్ చేసి అడగబట్టి సరిపోయింది. తప్పు నాదే, అంకె చెప్పకుండా మాట చెప్పాను. ఆ రాత్రి నుంచి ఫోన్‌లో గ్రీకు మాట్లాడటం మానేశాను. "పొటాషియం రెండు పాయింట్ ఎనిమిది, తక్కువ, ఒకసారి తిరిగి చెప్పండి" అంటాను.

ఇప్పుడు అందరికీ తెలిసిన అనీమియా. "అన్" అంటే లేకపోవడం, మన అనారోగ్యంలో ఉన్న "అన్" కూడా ఇదే కుటుంబం. అంటే మాటకు మాట అర్థం "రక్తం లేకపోవడం". అరిస్టాటిల్ జంతువులను రక్తం ఉన్నవి, లేనివి అని విడదీసినప్పుడు ఈ కుటుంబపు మాటలే వాడాడు. మన ఊళ్లలో "ఒంట్లో రక్తం లేదంట అమ్మాయికి" అంటారు చూడండి, అచ్చంగా అదే అతిశయోక్తి. నిజానికి అనీమియా ఉన్న మనిషిలోనూ రక్తం లీటర్ల కొద్దీ ఉంటుంది, అందులో హీమోగ్లోబిన్ తగ్గింది, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో డెసిలీటరు (100 మి.లీ.) రక్తంలో అది మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11 (నడిమి మూడు నెలల్లో 10.5) గ్రాముల కంటే తక్కువైతే అనీమియా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి అనీమియా తేలింది. సగానికి పైగా ఇళ్లలో ఉన్న మాట ఇది, దీనికీ బ్లడ్ క్యాన్సర్‌కీ ఒకే తోక.

నాకు చిరాకు తెప్పించేది ఇంకొకటి. అనీమియా అన్న మాట వినగానే "జబ్బు తెలిసిపోయింది, ఐరన్ మాత్రలు వేసుకుందాం" అనుకుంటారు. అనీమియా జబ్బు పేరు కాదు, జబ్బుల గది తలుపు మీద బోర్డు. లోపల ఐరన్ తక్కువా, బీ12 తక్కువా, కిడ్నీ జబ్బా, పేగుల్లో ఎక్కడైనా నెత్తురు పోతోందా, పుట్టుకతో వచ్చిందా అన్నది తలుపు తీసి చూడాలి.

ఒకమ్మాయి గుర్తొస్తోంది. రెండేళ్లుగా ఐరన్ వేసుకుంటోంది, హీమోగ్లోబిన్ 11.1 దగ్గర ఆగిపోయింది. మా దగ్గరికి వచ్చిన రిపోర్టులో ఎర్ర కణాల సైజు, అంటే ఎంసీవీ, 62. చాలా చిన్న కణాలు. కానీ వాటి లెక్క 58 లక్షలు, మామూలు కంటే ఎక్కువే. ఐరన్ లేకపోతే కణాలు చిన్నవీ అవుతాయి, లెక్కా తగ్గుతుంది. ఇక్కడ లెక్క తగ్గలేదు. 62ని 5.8తో (58 లక్షలంటే 5.8 మిలియన్లు) భాగిస్తే పదకొండు కూడా రాలేదు. ఈ భాగహారం 13 లోపు వస్తే థలసీమియా, అంటే హీమోగ్లోబిన్ తయారీలో పుట్టుకతో వచ్చే లోపం వైపు చూడమని మాకు పాత సూత్రం ఒకటుంది. సూత్రం అనుమానానికే పనికొస్తుంది, నిర్ధారణకు కాదు. హీమోగ్లోబిన్‌లో ఏ2 అనే రకం ఎంతుందో పరీక్ష చేయిస్తే 5.2 శాతం వచ్చింది, మామూలుగా 3.5 దాటకూడదు. ఆమె బీటా థలసీమియా క్యారియర్, అంటే ఆ లోపాన్ని మోస్తున్న మనిషి. ఆమెకు దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు, కానీ పెళ్లై ఆరు నెలలు. భర్త కూడా క్యారియర్ అయితే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు అవకాశంతో పెద్ద థలసీమియా వస్తుంది, అంటే నెలనెలా రక్తం ఎక్కించాల్సిన బతుకు. అతనికి పరీక్ష చేస్తే లేదని తేలింది. ఆ కాగితం పట్టుకుని వాళ్లత్తగారు ల్యాబ్ మెట్ల మీదే కూర్చుండిపోయారు.

థలసీమియా మాట కూడా తమాషాగానే ఉంటుంది. "థలస్స" అంటే సముద్రం. 1925లో అమెరికాలో కూలీ అనే పిల్లల డాక్టర్ ఈ జబ్బును వర్ణించాడు. మధ్యధరా సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల్లో కనిపించింది కాబట్టి 1932లో విపుల్, బ్రాడ్‌ఫర్డ్ దానికి "సముద్రపు నెత్తురు" అన్నట్టు పేరు పెట్టారు. సముద్రానికీ దానికీ సంబంధం అంతవరకే. ఆ ఒడ్డు వాళ్లకే కాదు, మనవాళ్లకీ ఉంది.

ఇక మీ నిద్ర చెడగొట్టిన మాట. "ల్యూకోస్" అంటే తెల్లన. లుకేమియా అంటే తెల్ల నెత్తురు. 1845లో జర్మనీలో విర్కో అనే యువ పాథాలజిస్టు ఒక రోగి శవ పరీక్షలో రక్తంలో ఎర్ర కణాల కంటే తెల్ల కణాలే విపరీతంగా ఉండటం చూశాడు. మొదట జర్మన్‌లో "తెల్ల రక్తం" అనే రాశాడు. 1847లో దాన్నే గ్రీకులోకి మార్చి ఇప్పుడు మనం వాడే పేరు పెట్టాడు. అంటే అది కూడా కంటికి కనిపించినదాని పేరే. "క్యాన్సర్" అన్న అర్థం ఆ మాటలో ఏ ముక్కలోనూ లేదు, ఆ జబ్బు స్వభావం తెలిశాక మన మనసులో చేరింది. చిత్రమేమిటంటే కొన్ని లుకేమియాల్లో తెల్ల కణాల లెక్క పెరగనే పెరగదు, మామూలుగానో తక్కువగానో ఉంటుంది. అప్పుడు తెల్ల నెత్తురు అన్న పేరు తప్పే, అయినా జబ్బు అదే. పేరును నమ్ముకుని కూర్చోకూడదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన తోక, "పీనియా". మీ రిపోర్టులో థ్రాంబోసైటోపీనియాలో ఉంది. గ్రీకులో పెనియా అంటే పేదరికం. వాళ్ల పురాణాల్లో పెనియా అని దరిద్ర దేవత కూడా ఉంది. దీన్ని తెలుగులో ఎలా చెప్పాలా అని చాలా ఏళ్లు "తక్కువతనం", "కొరత" అంటూ తిరిగాను. ఒకరోజు క్లాసులో వెనక బెంచీ అమ్మాయి, "నిద్రలేమి అంటాం కదా సార్, లేమి సరిపోదా?" అంది. సరిపోవడం కాదు, అచ్చంగా అదే. లేమి అంటే లేకపోవడమూ, పేదరికమూ రెండూ. పీనియా కూడా రెండూ. కలిమిలేములు కావడి కుండలు అంటాం కదా, ఆ లేమి. థ్రాంబోసైట్ అంటే ప్లేట్‌లెట్, కాబట్టి ప్లేట్‌లెట్ల లేమి. న్యూట్రోపీనియా న్యూట్రోఫిల్స్ అనే ఒక రకం తెల్ల కణాల లేమి. లూకోపీనియా తెల్ల కణాల లేమి. పాన్‌సైటోపీనియా అన్ని కణాల లేమి, "పాన్" అంటే అన్నీ.

ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు ఉండాలి. లక్షా నలభై వేలున్నా రిపోర్టులో థ్రాంబోసైటోపీనియా అనే వస్తుంది, పన్నెండు వేలున్నా అదే మాట వస్తుంది. మొదటివాడు ఆఫీసుకు వెళ్లొచ్చు, రెండోవాణ్ని వెంటనే ఆస్పత్రిలో చేర్చాలి. మాట చూసి భయపడకండి అని నేను పదే పదే అనేది ఇందుకే.

పైగా ప్లేట్‌లెట్ల విషయంలో మెషీన్ అబద్ధం కూడా చెబుతుంది. నిండు గర్భిణి ఒకామెకు బయట చేయించిన పరీక్షలో 42 వేలు వచ్చాయి. ఆపరేషన్ ఆపేశారు, చుట్టాలు దాతల కోసం వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టేశారు. మా దగ్గరికి అదే ఊదా మూత ట్యూబ్ తెచ్చారు. స్లైడ్ గీసి చూస్తే ప్లేట్‌లెట్లు జాతరలో జనంలా గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. ఆ ట్యూబ్‌లో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది, కొద్దిమందికి అదే ప్లేట్‌లెట్లను అతికిస్తుంది. మెషీన్ గుంపును లెక్కపెట్టలేదు, వదిలేస్తుంది. సిట్రేట్ అనే వేరే రసాయనం ఉన్న నీలం మూత ట్యూబ్‌లో మళ్లీ రక్తం తీసి లెక్కిస్తే, అందులోని ద్రవం వల్ల పలచబడిన వంతు సరిచేశాక, రెండు లక్షల పైన వచ్చాయి. లేమి ట్యూబ్‌లో ఉంది, ఆమె ఒంట్లో లేదు. అందుకే ప్లేట్‌లెట్లు ఉన్నట్టుండి తక్కువ వస్తే, ఒంటి మీద మచ్చలూ రక్తస్రావమూ ఏమీ లేకపోతే, "స్మియర్ (స్లైడ్ మీద గీసిన రక్తం) చూశారా?" అని ల్యాబ్‌ను అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే ల్యాబ్ మార్చండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. "ఈమియా లేదు, ఉత్త పీనియానే కదా" అని తేలిగ్గా తీసుకునేవాళ్లూ ఉంటారు. పాన్‌సైటోపీనియా ఒక్కోసారి బీ12 లోపం, ఒక్కోసారి ఎముక మజ్జ పనిచేయకపోవడం, ఒక్కోసారి లుకేమియాకే మొదటి రిపోర్టు. మూడు రకాల కణాలూ ఒకేసారి తగ్గితే కారణం తేలేదాకా వదలకూడదు.

"సైటోసిస్" దగ్గరికి వద్దాం. గ్రీకులో "కైటోస్" అంటే బోలుగా ఉండే పాత్ర, కుండలాంటిది. అదే కణానికి పేరైంది. "ఓసిస్" అంటే ఒక స్థితి, ఒక ప్రక్రియ. ఎరిత్రోసైట్ అంటే ఎర్ర కుండ అన్నమాట. ఆ "ఎరిత్రోస్"కు మన రుధిరం సొంత చుట్టం, సంస్కృతంలో రుధిరానికి మొదటి అర్థం ఎరుపే. ఇక్కడ మాత్రం చుట్టరికం నిజమైనదే, హేమం లాంటిది కాదు.

వాడుకలో కణం పేరు తర్వాత సైటోసిస్ వస్తే చాలాసార్లు "పెరిగాయి" అని. తెల్ల కణాలు 11 వేలు దాటితే లూకోసైటోసిస్, ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటితే థ్రాంబోసైటోసిస్. లూకోసైటోసిస్ అంటే ఒళ్లు దేనితోనో పోరాడుతోంది అని ఎక్కువసార్లు అర్థం. నిమోనియాలో వస్తుంది, స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే వస్తుంది, నెలలు నిండిన గర్భిణుల్లో మామూలుగానే ఉంటుంది, బాగా పరిగెత్తి వచ్చి రక్తం ఇచ్చినా కాసేపు పెరుగుతుంది.

పిల్లలు నన్ను ఇరికించేది ఇక్కడే. అన్ని సైటోసిస్‌లూ పెరుగుదల కాదు. మీ రిపోర్టులోని అనైసోసైటోసిస్‌లో ఏదీ పెరగలేదు, ఎర్ర కణాలు ఒకే సైజులో లేవు, అంతే. "అనైసోస్" అంటే అసమానం. పోయికిలోసైటోసిస్ అంటే రకరకాల ఆకారాలు. స్ఫీరోసైటోసిస్ అంటే కణాలు బంతుల్లా గుండ్రమయ్యాయని. వీటన్నిటిలో ఓసిస్ తన అసలు అర్థంలో, అంటే ఉత్త "స్థితి"గా ఉంది.

అన్నిటికంటే మోసకారి అగ్రాన్యులోసైటోసిస్. తోక చూసి పెరిగిందనుకుంటారు. తలలో చిన్న "అ" ఉంది, అది మన అధర్మంలో "అ" లాంటిదే. గ్రాన్యులోసైట్లు, అంటే గుళికలున్న తెల్ల కణాలు, దాదాపు లేకుండా పోవడం అని అర్థం. ఒంటికి కాపలాదారులు లేరన్నమాట. థైరాయిడ్ ఎక్కువై కార్బిమజోల్ వాడేవాళ్లలో అరుదుగా వస్తుంది. ఆ మందు వాడుతూ గొంతు నొప్పి, జ్వరం వస్తే మామూలు జలుబని ఇంట్లో ఉండిపోకూడదు, వెంటనే డాక్టర్‌తో మాట్లాడి, ఆ రోజే తెల్ల కణాల లెక్క చూపించుకోవాలి. పరీక్షలో ఈ మాటకు అర్థం తప్పు రాసిన పిల్లలకు సున్నా వేస్తాను, మొహమాటం లేదు.

"ఫీలియా" గురించి మీరు అడగలేదు గానీ తెలుగు ఇళ్లలో దానికి సొంత జీవితం ఉంది. "మా వాడికి ఇస్నోఫీలియా ఉందండీ, చల్లవి పడవు" అనని తల్లి నాకు తక్కువగా కనిపించింది. పొద్దున్నే తుమ్ములు, పొడి దగ్గు, ఆయాసం, అన్నిటికీ మనం పెట్టుకున్న పేరు అది. అసలు అర్థం రక్తంలో ఈసినోఫిల్ అనే తెల్ల కణాలు పెరగడం. వాటికీ ఆ పేరు రంగు వల్ల వచ్చింది. 1879లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈసిన్ అనే ఎర్రటి అద్దకం వేస్తే కొన్ని కణాల్లోని గుళికలు దాన్ని ఇష్టంగా పీల్చుకోవడం చూశాడు. "ఫిలోస్" అంటే ప్రియమైన. ఈసిన్ పేరు "ఇయోస్" అనే ఉదయ దేవత నుంచి వచ్చింది, ఆ ఇయోస్ మన ఉషస్సుకు తోబుట్టువు. అంటే మీవాడి తుమ్ముల కణం పేరు ఉషఃప్రియ! మైక్రోస్కోపులో చూస్తే ఆ నారింజ రంగు నిజంగానే తెల్లవారుజాము ఆకాశంలా ఉంటుంది.

కాబట్టి ఇక్కడ ఫీలియాను ఒకే తోకగా విడగొట్టడం తప్పు. ఈసినోఫిల్ అనేది కణం పేరు, దానికి చేరింది "ఇయా" మాత్రమే. న్యూట్రోఫీలియా, బేసోఫీలియా కూడా అంతే. హీమోఫీలియా వేరు, అందులో ఫీలియా పూర్తి తోక. 1828లో హాఫ్ అనే జర్మన్ వైద్యుడి రాతల్లో వచ్చిన పేరు అది. నెత్తురు కారే స్వభావం అని చెప్పబోయి "నెత్తురు మీద ప్రేమ" అయింది. గడ్డకట్టించే ఫ్యాక్టర్ 8 గానీ 9 గానీ పుట్టుకతో లోపించిన మనిషికి ఇంత వికటమైన పేరు ఇంకోటి ఉండదు. అక్కడ ఏ కణమూ పెరగదు, సీబీపీ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది.

ఇస్నోఫీలియా విషయంలో ఒక మాట. శాతం చూసి బెంగపడకండి, అసలు లెక్క చూడండి. 500 దాకా మామూలే. కొంచెం పెరిగితే అలర్జీ, కడుపులో పురుగులు లాంటివి మొదట చూస్తారు. 3,000 దాటి, రాత్రిళ్లు దగ్గు ఆగకపోతే, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుకు ఊపిరితిత్తులు స్పందించడం కావచ్చు. మా గోదావరి జిల్లాల్లో అది కొత్త కాదు, దానికి మందు ఉంది. తుమ్ముల మాత్రలు మింగుతూ ఏళ్లు గడపాల్సిన పని లేదు.

మిగతావి గబగబా. "లైసిస్" అంటే విడిపోవడం, కరగడం. హీమోలైసిస్ అంటే ఎర్ర కణాలు పగిలిపోవడం. రిపోర్టు మీద "శాంపిల్ హీమోలైజ్డ్" అని ఉంటే సాధారణంగా కణాలు పగిలింది సిరంజిలోనో ట్యూబ్‌లోనో. అప్పుడు పొటాషియం దొంగగా ఎక్కువ చూపిస్తుంది, మళ్లీ రక్తం ఇస్తే చాలు. "యూరియా" తోక ఉంటే మూత్రంలో అని: హిమటూరియా అంటే మూత్రంలో రక్తం, యురేమియా అంటే రక్తంలో మూత్రపు వ్యర్థాలు. ఒకదాన్ని తిరగేస్తే రెండోది. "ఓమా" అంటే గడ్డ, వాపు. లింఫోమా క్యాన్సరే, కానీ హిమటోమా అంటే దెబ్బ తగిలినచోట గడ్డకట్టిన రక్తం, గుమ్మం తగిలి నుదుటి మీద లేచిన బొప్పి కూడా అదే. "ఆయిడ్" అంటే పోలినది: ల్యుకీమాయిడ్ రియాక్షన్ అంటే లుకేమియాలా కనిపించేది, లుకేమియా కాదు. ఈ ఒక్క "ఆయిడ్" చదవక ఏడ్చిన కుటుంబాలను చూశాను.

తోకల్లో నిజంగా కంగారు పడాల్సిన ముక్క ఏదైనా ఉంటే అది "బ్లాస్ట్". మొలక అని అర్థం. పండకముందే మజ్జ నుంచి రోడ్డెక్కిన కణాలు. స్మియర్‌లో బ్లాస్ట్‌లు ఉన్నాయని రాస్తే సోమవారం దాకా ఆగకూడదు. ఇందులోనూ ఒక మినహాయింపు ఉంది: మెగలోబ్లాస్టిక్ అనీమియా. "మెగాస్" మన "మహా"కు బంధువు. బీ12, ఫోలిక్ యాసిడ్ తగ్గి కణాలు పెద్దవిగా తయారయ్యే అనీమియా అది, క్యాన్సర్ కాదు. 1928 నుంచి లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ బొంబాయిలో మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఇలాంటి పెద్ద కణాల అనీమియాను చూసి, ఈస్ట్ సారంతో నయం చేసింది. ఆ సారంలోని గుణం ఫోలిక్ యాసిడ్‌దని తర్వాత తేలింది. దాన్ని 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే బృందం ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా చేసింది. సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇస్తే, కొందరిలో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948లో ప్రచురించాడు. ఈ భాగం చెప్పేటప్పుడు క్లాసులో ఎవరూ ఫోన్ చూడరు.

సరే, నాన్నగారి రిపోర్టు. మీరు రాసిన అంకెలు తెల్ల కణాలు 13,200, ప్లేట్‌లెట్లు 1,18,000, సోడియం 132. జ్వరం వచ్చి తగ్గిన మనిషిలో ఈ మూడూ తరచూ చూసేవే. స్వల్పంగా అటూ ఇటూ జరిగిన అంకెలు. సోడియం మామూలుగా 135 నుంచి 145. వారం రోజులు సరిగ్గా తినకపోయినా తగ్గొచ్చు. బీపీకి నీళ్లు పోయేలా చేసే మాత్రలు వాడుతుంటే వాటివల్లా తగ్గుతుంది, ఆ మందుల చీటీ డాక్టర్‌కి తప్పకుండా చూపించండి. మీకై మీరు మాత్ర ఆపకండి, ఉప్పు నీళ్లు తాగించకండి. అనైసోసైటోసిస్ ఒక్కటే ఉంటే దాని గురించి నేనైతే ఈ వారం ఆలోచించను. మనిషిని చూడకుండా నేను ఇంతకంటే చెప్పలేను, చెప్పకూడదు కూడా.

మనిషి మగతగా అయినా, తికమకగా మాట్లాడినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, విరేచనం తారులా నల్లగా అయినా, ఒంటి మీద సూదిపోట్ల లాంటి ఎర్ర చుక్కలు లేచినా, జ్వరం తిరగబెట్టినా సోమవారం కోసం చూడకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అవేవీ లేకపోతే సోమవారం పొద్దున సీబీపీ, సోడియం మళ్లీ చేయించి, కొత్తదీ పాతదీ రెండు కాగితాలూ డాక్టర్ ముందు పక్కపక్కన పెట్టండి. స్మియర్ రిపోర్టు విడిగా రాసివ్వమని ల్యాబ్‌లో చెప్పండి. ప్లేట్‌లెట్లు ఎంతకు వచ్చాయో, గుంపులు ఏమైనా కనిపించాయన్నారో ఇక్కడే రాస్తే చూస్తాను.